ఆకురాయి జారిన నాడె మొన

మొన్నొక మధ్యాహ్నం మా బావ మనవరాలు తన కాలేజీ చూపిస్తానని ముసలివాళ్లమైన బావనూ నన్నూ సూరత్‌లోని ఇచ్ఛాపూర్ నుంచి ఆటోలో తీసుకెళ్లి, ఒక చల్లటి గదిలో యంత్రం ముందు కూర్చోబెట్టింది. కరిగిన లోహాన్ని అణువులు వరుస కట్టేలోపే చటుక్కున చల్లార్చి తీసిన రేకు ఒకటి ఆ యంత్రంలో ఉంది, చూడ్డానికి లోహమే గాని లోపల గాజు తీరట. దాని మీద వెంట్రుక కన్నా సన్నని వజ్రపు మొన దిగుతుంటే తెర మీద గీత పైకి పాకుతూ, మధ్యమధ్య చిన్న మెట్టు దగ్గర తడబడుతోంది. సూరత్‌లో ఇన్నేళ్లుగా వజ్రాన్ని సానబట్టడం చూశాను గాని, వజ్రంతో పొడవడం చూడలేదు.

"దేఖో తాతా, ఒక్కో మెట్టు దగ్గర లోపల ఒక సన్న పొర జారుతున్నది. చిన్న మొనకైతే గిట్లనే జారుకుంట ఓర్చుకుంటది. గదే పెద్ద ముక్కకు దెబ్బ తగిల్తే వంగనన్న వంగది, ఒక్కపారే పగుల్తది" అంది పిల్ల.

ఒకప్పుడు మేం కాల్చింది ఆ గాజు లోహం కాదు, మామూలు ఉక్కే, కాని వంగకుండా పగలడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

సలాబత్‌పురాలో మా చిన్నాయనకు కొలిమి ఉండేది. సాంచాలో, అంటే కరెంటు మగ్గంలో, పోగును లాక్కుంటూ ఇటునుంచి అటు పరుగెత్తే నాడెకు రెండు కొసలా ఉక్కు మొనలుండేవని మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, వాటిని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, పెళుసు పోయేలా మళ్లీ సన్నసెగ మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా కాచి ఇవ్వడం మా పని. పరీక్ష అంటే ఆకురాయితో గీయడమూ, రాతి మీద కొట్టి మోత వినడమూ, అంతే. ఆకురాయి పట్టుకుంటే మెత్తన, జారితే గట్టి. పెళ్లయి, రెక్కల్లో బలముండి, నా చెవికి సాటి లేదని విర్రవీగే రోజులు నావి.

చిన్నాయన ఏదో పని మీద రెండు రోజులు బార్డోలీ పోయినప్పుడు, నూనెలోంచి తీసిన మొనల మీద ఆకురాయి అద్దం మీద జారినట్టు జారింది. ఇంత గట్టిగా ఉన్నదాన్ని మళ్లీ కాచి మెత్తబరచడం దేనికని, తెలివి ఎక్కువై, రెండో సెగ చూపకుండానే సరుకు పంపేశాను. అది మా అక్క మొగుడు, అంటే ఈ బావే, పనిచేసే కార్ఖానాకు పోయింది.

నాలుగో రోజు పొద్దున నాడె పోయి సాంచా కొసనున్న పెట్టెకు గుద్దుకోగానే మొన తునకలై, ఒక తునక బావ ఎడమ కంట్లో దిగింది. పక్క సాంచా గుడ్డ మీద చిందిన నెత్తురును ఆ సాంచా తన మానాన చుట్టుకుంటూ పోయిందని చూసినవాళ్లు చెప్పారు.

సాయంత్రానికి ఆ కార్ఖానా వాళ్లు కట్టెలు పట్టుకుని మా మీద పడ్డారు. కొలిమి తన్నేశారు, నిప్పులు వీధిలో దొర్లాయి. ఎవడు కాల్చాడని అడిగారు. చిన్నాయన నా వంక ఒక్కసారి చూసి, "కాల్చింది నేనే" అన్నాడు. ఆయన కుడిచెయ్యిని దాగలి మీద పరిచి, ఆయన సుత్తితోనే కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు, నేను అంత గర్వపడ్డ ఈ చెవులతోనే విన్నాను. కింద పడ్డాక డొక్కల్లో తన్నారు. నేను చేతిలో ఆకురాయి పట్టుకుని నోరు మెదపకుండా నిలబడ్డాను. పిరికివాణ్ణి, అంతకు మించి చెప్పుకోవడానికేం లేదు.

ఆ చెయ్యి మళ్లీ పటకారు పట్టలేదు. చిన్నాయన ఊరికి పోయి అక్కడే కన్నుమూశాడు, బావ కడసారి చూపుకైనా పోలేదు.

ఇన్నేళ్లకు, ఆ తెర వంక ఒంటికన్నుతో చూస్తూ బావ, "గిట్లనే పోయింది నా కన్ను. మీ చిన్నాయన పుణ్యం" అన్నాడు.

"చిన్నాయన కాదు బావా. ఆ మొనలు కాల్చింది నేను. ఆయన బార్డోలిల ఉండె."

బావ చేతికర్ర లేచింది. నా భుజం మీద పడ్డ దెబ్బకు పిల్ల అడ్డం రాబోతే వద్దన్నాను. కర్ర మళ్లీ లేచింది గాని, గాల్లోనే ఆగి మెల్లగా దిగింది.

"ఆ చెయ్యి ఇరగ్గొట్టుమని దవాఖానల పండుకొని చెప్పి పంపింది నేనే గదరా" అన్నాడు.

ఇప్పటి సాంచాల్లో చాలావాటికి నాడె అన్నదే లేదు, నీటి ధారే పోగును లాక్కుపోతుంది. లోహం లోపల జారే ప్రతి పొరనూ కాలేజీలోని ఆ యంత్రం రాసిపెడుతుంది. అప్పట్లో మాకు తెలిసిన జారుడు ఆకురాయిది ఒక్కటే, దాన్ని చూసే మురిసిపోయాం. భుజం ఇంకా సలుపుతూనే ఉంది. బావ ఆ రెండో దెబ్బ కూడా వేసి ఉంటే బాగుండేది.