తలకిందుల టీవీ

సైన్స్ మాస్టారు పోయిన వార్త నాకు మూడు రోజులు ఆలస్యంగా అందింది. శుక్రవారం అరకు సంతలో పసుపుకొమ్ముల బుట్ట ముందు కూర్చున్న మనిషి నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మాస్టారు ఎల్లిపోనారు బావూ. మంగళారం పొద్దున్న. పంపు కాడ నీల్లు పడతా కూలబడిపోనారట."

ఆ రోజు అతను ఇక పసుపు అమ్మలేదు. బుట్ట ఎత్తుకుని నన్ను తన ఊరికి రమ్మన్నాడు.

తొంభైల చివర్లో మాస్టారిని మొదటిసారి చూసింది ఆ ఊళ్లోనే. కింద మైదానం నుంచి బదిలీ మీద వచ్చి ఆశ్రమ పాఠశాలలో ఉండిపోయిన మనిషి. నేను వెళ్లింది ఈ పసుపు అమ్మే అతని మామ గురించి పత్రికకి రాయడానికి. ముసలాయన కిన్నెర వాయించేవాడు. సొరబుర్ర, వెదురు కర్ర, రెండు తీగలు, అంతే. చైత్రంలో మన్యం చేసుకునే ఇటుకల పండగ పాటల వరసలన్నీ తెలిసినవాడు ఊళ్లో ఆయన ఒక్కడే. అప్పటికే దగ్గు పట్టుకుంది. అప్పట్లో కాఫీ తోటల్లో కూలికి తిరిగే ఈ అల్లుడికి వచ్చినవి రెండే వరసలు. ముసలాయన తర్వాత పండక్కి సౌండు బాక్సులు తెద్దామని ఊళ్లో మాటలు మొదలయ్యాయి.

"రాత్తే ఏటి లాభవండీ? వీడియో తీయండి. అల్లుడు సూసి నేర్సుకుంటాడు," అన్నారు మాస్టారు.

విశాఖలో పెళ్లి వీడియోలు తీసే మిత్రుణ్ని అడిగి చిన్న కెమెరా, మూడు కాళ్ల స్టాండు తెచ్చాను. ముసలాయనకి ఎదురుగా నిలబెట్టి, ముఖం స్పష్టంగా పడేలా ఒక పూటంతా తీశాను. మంచి పని చేశాననుకున్నాను.

మర్నాడు బడి టీవీలో అది చూస్తూ అల్లుడు కిన్నెర పట్టాడు. తెర మీద కర్ర ఎటు వాలి ఉందో తనూ అటే వాల్చాడు. లావు తీగ ఉండాల్సిన చోటికి సన్న తీగ వచ్చింది. వరస చెడింది. ముసలాయన నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు.

"ఓరల్లుడా, నా ఎడం సెయ్యి నీకు కుడి సెయ్యయిపోనాదేట్రా?"

మాస్టారు నవ్వలేదు. "తప్పు ఆడిది కాదండి, మీ స్టాండుది. ఎదురుగా కూర్సునేవోడు సుట్టం. నేర్సుకునేవోడు ఎనకాల కూర్సోవాల," అన్నారు.

కానీ ముసలాయన గోడకి చేరబడితే తప్ప కూర్చోలేడు. వెనక స్టాండుకి చోటు లేదు. మాస్టారు ఇంటికప్పు వైపు చూశారు. పరీక్ష అట్టకి కన్నం పెట్టి, సైకిల్ షాపులో దొరికిన మరతో కెమెరాని దానికి బిగించారు. ముసలాయన తల మీదుగా చేతులు కనపడేలా, పాత ట్యూబు పేలికలతో అట్టని వాసానికి కట్టారు. రబ్బరు అదురుని మింగేస్తుందట. కెమెరా నాది కాదు కాబట్టి పడితే ఎలాగని అడిగాను. ఆయన ఇంకో తాడు కట్టారు.

"అది కెమెరాకి. ఇది మీ బయానికి."

మర ఎక్కే కన్నం కెమెరా అడుగున ఉంటుంది కనక కెమెరా తలకిందులుగా వేలాడింది. బొమ్మ కూడా అలాగే వస్తుందన్నాను.

"రానీండి. టీవీని తలకిందులు సేద్దాం. దానికేటి తెలుస్తాది?"

ముసలాయన తల పైకెత్తాడు. "మాస్టారూ, ఆ గబ్బిలం నా బోడిగుండు తీత్తన్నాదేటి?"

"నీ గుండు ఎవుడికి కావాల తాతా! సేతులు సూత్తంది. వాయించు."

దగ్గుకీ దగ్గుకీ మధ్య రెండు రోజుల్లో వరసలన్నీ టేపుకెక్కాయి. టీవీ పైభాగం ఒంపు కాబట్టి బోర్లిస్తే నిలవలేదు. కింద చోళ్ల బస్తా, అదే రాగుల బస్తా, వేశారు. అల్లుడు దాని ముందు కూర్చుని, తెర మీది చేతుల మీదే తన చేతులున్నట్టు వాయించాడు. వానలు పడకముందే ముసలాయన పోయాడు. ఆ తర్వాతి పండక్కి ఊళ్లోకి బాక్సులు రాలేదు. అల్లుడు అన్ని వరసలూ వాయించాడు. జనం వెనక నిలబడి విన్న మాస్టారు, "మూడోదాంట్లో తొందరపడ్డావు," అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆయన కెమెరాకి ఏదో ఒక కొత్త ఆసనం చూపించేవారు. బడి పిల్లల థింసా ఆటకి ప్రహరీ మీద ఇసక సంచి, మేడ మీద పాటల సాధనకి గడకర్ర. "కొనేముందు ఇల్లంతా ఓ పాలి సూడండి," అనేవారు. ముసలాయన మీద నేను పెద్ద కథనం రాశాను. అందులో మాస్టారి గురించి ఒక్క వాక్యం లేదు. ఆయన ఏనాడూ అడగలేదు. అది నా తప్పు.

ఆ శుక్రవారం సాయంత్రం ఇద్దరం ఊరు చేరాం. బడికి కొత్త టీవీ వచ్చాక పాతది అల్లుడి ఇంటికి మాస్టారే ఇప్పించారు. అది ఇంకా బస్తా మీద బోర్లించే ఉంది. వార్తలు చదివే ఆమె తలకిందులుగా చదువుతోంది. ఆ ఇంట్లో ఎవరికీ అది వింతగా లేదు.

"తిప్పితే మల్లీ ఎవుడెత్తుతాడు బావూ? మా గుంటకి రోజూ కావాల," అన్నాడు అతను.

ఆ గుంట, అతని పదేళ్ల కూతురు, టేపు పెట్టింది. వార్తలు పోయి ముసలాయన బోడిగుండు నిటారుగా వచ్చింది. దాని ముందు రెండు చేతులు. పిల్ల కిన్నెర ఒళ్లో పెట్టుకుని, తాత వెనక కూర్చున్నదానిలా మెడ కాస్త ముందుకి చాచి చూసింది. తెర మీద వేలు కదిలింది. పిల్ల వేలు కదిలింది.