మా నాయన కట్టిన ధర

నిన్న మధ్యాహ్నం మా మనవడు టీవీలో క్రికెట్ పెట్టుకుని, టాస్ వేసే వేళకు వంటింట్లో ఉన్న నన్ను కేకేసి పిలిచి, బొమ్మా బొరుసా చెప్పవ్వా అని పట్టుబట్టాడు. నేను చెప్పలేదు. నాణెం గాల్లోకి లేస్తే కళ్ళు మూసుకోవడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. వాడు నవ్వి, "ఫిఫ్టీ ఫిఫ్టీనే గదవ్వా, యాల భయపడతాండావు?" అన్నాడు. చెరి సగమే కదా, ఇంకా భయమెందుకు! ఇంచుమించు ఇంత ధీమాగానే ఈ మాట మా నాయన కూడా ఒకప్పుడు అన్నాడు. స్టవ్ మీద పాలు పొంగిపోయి కోడలు గొణుగుతున్నా నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

అణాలూ బేడలూ చేత్తో లెక్కపెట్టినవాళ్ళు మీలో ఎందరు మిగిలారో నాకు తెలియదు. మిగిలినవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు, యుద్ధం రోజుల్లో చిల్లర దొరకడం ఎంత గగనమో, నడుమ చిల్లు ఉన్న కాణీని మొలతాడుకు గుచ్చుకుని పిల్లలు ఎంత గర్వంగా తిరిగేవాళ్ళో. అప్పుడు మేము పుంగనూరులో కాపురం. మా నాయన మిషన్ బడిలో లెక్కల అయివారు. సొంత ఊరు మదనపల్లె పక్కన కురబలకోట. అక్కడ మా అవ్వ, నాయన తమ్ముడు మా చిన్నాయన ఉండేవాళ్ళు, గొర్రెల మంద ఉండేది. ఇంట్లో ఒకరు చదవాలంటే ఇంకొకరు గొర్రెలు కాయాలి, కాబట్టి చిన్నాయన బడి గడప తొక్కలేదు. ఆయన కాసిన గొర్రెల మీదే అన్న చదువు నడిచిందని అవ్వ చెప్పేదే తప్ప, చిన్నాయన ఆ ఊసు ఒక్కనాడూ ఎత్తి ఎరగడు. పైగా మా అన్న చెప్పినాడంటే అది బైబిలు మాటే అని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. వచ్చినప్పుడల్లా నన్ను భుజాన ఎక్కించుకుని పుంగనూరు వీధులన్నీ తిప్పేవాడు. ఆయన గొంగడిలోని గొర్రె వాసన నాకు ఇప్పటికీ ఇష్టం, నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

పుంగనూరు సంతకు ఒక ఆటాయన వచ్చేవాడు. ముళబాగిలు వైపు మనిషి, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడేవాడు. బొరుగులూ బీడీలూ అమ్ముకుంటూ, జనం పోగవడానికి పక్కనే చాప పరిచి ఒక ఆట పెట్టేవాడు. పావలా ఇచ్చి కూర్చుంటే నాణెం మన చేతికే ఇస్తాడు, మనమే రెండుసార్లు ఎగరేయాలి. ఇచ్చిన పావలా ఎట్లాగూ ఆయనదే. రెండుసార్లూ బొమ్మే పడితే ముప్పావలా మనది, మరేది పడినా ఏమీ రాదు. రైతులు తమలో తాము లెక్క వేసుకునేవారు: రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటీ ఒకటీ, ఇలా పడేవి మూడు రకాలు, మూడింట్లో ఒకటి మనది, మూడు పావలాలు పోస్తే ముప్పావలా వస్తుంది, ఇందులో మోసమేముంది అని. అయినా పొద్దు వాలేసరికి చాలామంది ఉత్త జేబులు తడుముకుంటూ బండెక్కేవారు.

మా నాయన జూదం మొహం చూసిన మనిషి కాదు. మా సంఘంలో పేకముక్క ముట్టినవాణ్ణి పాస్టరుగారు పేరు పెట్టి మందలించేవారు. కానీ కళ్ళెదుట లెక్క తప్పుతుంటే మా నాయనకు అన్నం సయించదే! నేను ఆడుకునే చింతగింజల్లో పెద్దదొకటి, చిన్నదొకటి ఏరి, బండకేసి ఒక్కో పక్క తెల్లగా అరగదీసి, నన్ను ఎదుట కూర్చోబెట్టుకున్నాడు. తెలుపు బొమ్మ, నలుపు బొరుసు అనుకోమన్నాడు. రెండూ తెలుపు పడటం ఒకటి, రెండూ నలుపు పడటం ఒకటి, పెద్దది తెలుపై చిన్నది నలుపు కావడం ఒకటి, చిన్నది తెలుపై పెద్దది నలుపు కావడం ఇంకొకటి. జనం ఒక్కటిగా లెక్కపెడుతున్నది నిజానికి రెండు. అంటే గెలుపు మూడింట్లో ఒకటి కాదు, నాలుగింట్లో ఒకటి. నాలుగు ఆటలకు వచ్చేది పన్నెండణాలైనప్పుడు ఒక్కో ఆటకు న్యాయమైన ధర మూడణాలే, పావలా ఇచ్చినవాడు ఆట ఆటకూ అణా ఊరకే పారబోసుకుంటున్నట్టు. నాకు అర్థమై చప్పట్లు కొట్టాను. నాయన మొహం ఆ రోజు ఎంత వెలిగిపోయిందో ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

మరుసటి సంతలో ఆయన ఆ చింతగింజలు పట్టుకుని చాప పక్కనే నిలబడి, వచ్చినవాడికల్లా ఓపిగ్గా చూపించాడు. రైతులు ఒక్కొక్కరే లేచిపోయారు. ఆటాయన కొట్లాడతాడని మా అమ్మ భయపడింది గానీ, ఆయన దూరంగా కూర్చుని బీడీ కాల్చుకుంటూ అంతా విన్నాడు, అంతే. ఆ తరువాతి సంతకు మాత్రం ధర దించేసి, గొంతెత్తి అరవడం మొదలుపెట్టాడు: "అయివారు కట్టిన ధరప్పా! మూడే అణాలు! మోసం లేదు!" పాస్టరుగారికి ఇది కంటగింపైంది, జూదానికి ధర కట్టడమేమిటని చీవాట్లు పెట్టారు. నాయన వినయంగానే విన్నాడు కానీ లోపల పొంగిపోయాడు. సంతకొచ్చిన మనుషులు దారిలో ఆగి దండం పెడుతుంటే ఎవరికి మాత్రం బాగుండదు! ఆ వారమే చిన్నాయన మా ఇంటికి వస్తే, సంగటి తింటూ నాయన ఈ కథంతా చెప్పి, చివరికి ఒక మాట అన్నాడు: "మూడణాలైతే ఎవురికీ నష్టం లేదురా. సెరి సగం న్యాయం." చిన్నాయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే వింటూ కూర్చున్నాడు.

అప్పట్లో కురబలకోటలో మా చేనికి బావి తవ్విస్తున్నారు. వానదేవుడి మొహం చూసి చూసి విసిగిన అవ్వ, తాను కన్ను మూసేలోగా చేనిలో నీళ్ళు చూడాలని ఒకటే పోరు. తవ్వకం సగం దాకా వచ్చింది. చుట్టూ రాతికట్టు కట్టకపోతే వానకు మట్టి విరిగి పడుతుందని ఒడ్డెవాళ్ళు తొందరపెట్టారు. యుద్ధం మూలాన గొర్రెలకు మంచి ధర ఉందని, చిన్నాయన మందనంతా తోలుకుని పుంగనూరు సంతకు వచ్చి అమ్మేశాడు. డబ్బు మూట నడుముకు కట్టుకున్నాడు. రాతికట్టు కూలికి ఇంకా కొంచెం తక్కువ పడుతోంది. మా ఇంటివైపు రాబోతూ ఉంటే ఆ కేక చెవిన పడింది, అయివారు కట్టిన ధర అని.

తరువాత జరిగింది చూసినవాళ్ళు చెప్పగా విన్నదే. మొదట మూడణాలకే ఆడాడట, గెలిచాడట, మా అన్న లెక్క ఇది అని పక్కవాళ్ళకు చింతగింజల కథ చెప్పాడట. ఆ తరువాత, మూడణాలకు పన్నెండణాలైతే మూడు రూపాయలకు పన్నెండు రూపాయలు కదా, న్యాయం అదే కదా అని అడిగాడు. ఆటాయన వద్దప్పా అన్నాడట కూడా. చిన్నాయన వినలేదు. పోయింది రాబట్టుకోవడానికే ఆడాడో, న్యాయమైన ఆటలో మనిషి మునగడు అన్న నమ్మకంతోనే ఆడాడో, ఆ దేవుడికే ఎరుక. సంత ఎత్తేసే వేళకు మూట ఖాళీ. చాప మీది నుంచి లేచి, గొంగడి దులుపుకుని, మా వీధి మొదటిదాకా వచ్చి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడని పాలమ్మే ముసలామె చెప్పింది. ఇంకొక్క పదడుగులు వేసి ఉంటే మా గడప!

నాయన ఆటాయన మీదికి వెళ్ళాడు. నాణెం లాక్కుని తన చేత్తో ఎగరేసి, ఎగరేసి చూశాడు. బొమ్మా పడింది, బొరుసూ పడింది, అందులో ఏ మాయా లేదు. ఆటాయన కళ్ళు కిందికి వేసుకుని, "నువ్వు సెప్పిన ధరే గదప్పా, నేనేం సేసేది?" అన్నాడు. నాయన నాణెం చాప మీద పెట్టి వచ్చేశాడు. ఆటాయన మళ్ళీ పుంగనూరు సంతకు రాలేదు, మొత్తం కాకపోయినా కొంత డబ్బు మా అమ్మ చేతిలో పెట్టిపోయాడు కూడా. ఆయన్ను తిట్టుకోవడానికి కూడా మాకు వీలు లేకుండా పోయింది.

కొన్నాళ్ళకు మా వీధిలో బట్టలమ్మే సాయిబు కబురు తెచ్చాడు, కుప్పం స్టేషన్లో చిన్నాయనను చూశానని. పిలిస్తే ముఖం గొంగట్లో దాచుకుని బెంగుళూరు బండి ఎక్కేశాడట. నాయన ఆ రోజే, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సు పట్టుకుని కుప్పం వెళ్ళాడు. తరువాత బంగారు గనుల్లో వెతికాడు, బెంగుళూరు వీధుల్లో వెతికాడు, పటాలంలో చేరాడేమోనని అక్కడా విచారించాడు. ఎక్కడా జాడ లేదు. చివరికి పోయినవాడు పోయిన దారినే తిరిగొస్తాడని, అడిగి మరీ కుప్పం బడికి బదిలీ చేయించుకుని మమ్మల్నందరినీ అక్కడికి మార్చాడు. బడి వదలగానే స్టేషనుకు వెళ్ళి నిలబడేవాడు. బండి దిగేవాళ్ళలో గొంగడి కప్పుకున్న మనిషి కనిపిస్తే చాలు, పరుగెత్తేవాడు. పోర్టర్లు మొదట నవ్వేవారు, తరువాత వాళ్ళే గొంగడి మనిషి దిగితే నాయనకు చెయ్యూపి చూపించేవారు.

ఇంట్లో ఆ చింతగింజలు వేసుకుంటూ కూర్చునేవాడు. అమ్మ వాటిని పొయ్యిలో వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. లెక్క తప్పు కాలేదు, తమ్ముడు పోయాడు, ఈ రెండూ ఎలా పొసగుతాయో తేల్చుకోవాలి ఆయనకు. ఒకరోజు నన్ను పిలిచి, ఎదుట కూర్చోబెట్టుకుని, చిన్నపిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు చెప్పాడు: "అమ్మా, నేను ఒక్క ఆటకు ధర కట్టినాను. లేవకుండా కూర్చునే మనిషికి కట్టలేదు. ఊరూరి సంతల దుడ్డు చేరిన ఆయప్ప మూట పెద్దది, మీ చిన్నాయనది చిన్నది. ఎంత న్యాయమైన ఆటైనా, ఆడతా పోతే చిన్న మూటే ముందు ఖాళీ అయ్యేది. ఆ మాట వానికి సెప్పలేదే!" ఈసారి నేను చప్పట్లు కొట్టలేదు. ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను.

మా అవ్వకు ఈ లెక్కలేవీ పట్టలేదు. కురబలకోటలో సగం తవ్విన బావి గట్టున కూర్చుని, వచ్చేపోయే వారందరికీ ఒకటే చెప్పేది: "గొర్రెలు పోతే పోయె. నా బిడ్డ యాడన్నా కనపడితే ఇంటికి రమ్మని సెప్పండప్పా." బావి పూడ్చెయ్యమని ఊళ్ళోవాళ్ళు చెప్పినా వినలేదు, వాడొచ్చి కట్టిస్తాడంది. వానలకు మట్టి విరిగి కొంచెం కొంచెంగా అదే పూడిపోయింది. అవ్వ కూడా ఎంతోకాలం ఉండలేదు.

నేను మదనపల్లెలో నర్సు పని నేర్చుకునేటప్పుడు నాయన ఆ ఊరి ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. స్టేషన్లో చలికి నిలబడి నిలబడి ఊపిరితిత్తులు చెడిపోయాయి. చివరి రోజుల్లో కుప్పం బండి వచ్చే వేళైందా అని అడుగుతూనే ఉన్నాడు. ఈ ఊరికి ఆ బండి రాదు నాయనా అని ఎట్లా చెప్పను? వస్తాంది నాయనా, అమ్మ స్టేషన్లోనే ఉండాది అని అబద్ధమాడాను. దానికి ఆయన మొహంలో కాస్త నెమ్మది కనిపించింది.

ఆ చేను ఇప్పుడు మాది కాదు. బావి ఉన్నచోట ఎవరో బోరు వేసి టమోటా పెట్టారని విన్నాను. అణాలు పోయాయి, కుప్పంలో బొగ్గు బండ్లూ పోయాయి. ఆటకు చాప పరచనక్కర లేదు, సంతదాకా నడవనక్కర లేదు, మా మనవడి అరచేతిలోనే రాత్రింబవళ్ళు ఆట నడుస్తూ ఉంటుంది. దాని ధర ఎవరు కడతారో నాకు తెలియదు, మా నాయన లాంటి అమాయకుడు మాత్రం అయ్యుండడు. నన్ను బాధపెట్టేది అది కాదు. ఆ రోజుల్లో ఓడిపోయినవాడి కోసం ఒకరు గట్టున కూర్చున్నారు, ఒకరు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. ఇప్పుడు పక్క మంచం మీదివాడు ఓడిపోయినా మనకు తెలియదు.

అందుకే నిన్న టాస్ అయ్యాక వాడి పక్కన కూర్చుని, ఎప్పుడన్నా, ఎంతన్నా పోగొట్టుకుంటే ముందు ఇంటికి రా నాయనా, లెక్క తరువాత చూసుకుందాం అన్నాను. వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే సరేలే అవ్వా అన్నాడు.