ఆధారం లేని వాక్యం

పక్షవాతం వచ్చాక పిల్లల డాక్టరుకి మిగిలిన మాట ఒక్కటే: "అదే." మంచినీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే, కోపమొచ్చినా అదే. ఏ "అదే" దేనికో పోల్చుకోవడం మెల్లమెల్లగా ఆయన భార్యకి అలవాటైంది. ఆవిడ ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలు పెట్టిన పేరు విజిల్ టీచర్. వీధిలోవాళ్ళకీ ఆ పేరే అలవాటైపోయింది. గొంతు అలాంటిది. వంటింట్లో ఉప్పెక్కడుందని అడిగినా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

డాక్టరు పడిపోయేనాటికి ఆయన రాస్తున్న వ్యాసం ఒకటి సగంలో ఉంది. మెదడు పొరల వాపు జ్వరం తగ్గిన పిల్లల్లో కొందరికి చెవులు వినపడకుండా పోతాయి, ఆస్పత్రి నుంచి పంపేముందే వాళ్ళకి వినికిడి పరీక్ష చెయ్యాలి అని దాని సారాంశం. రేపు పంపుతా, వచ్చే నెల పంపుతా అంటూ ఏళ్ళు గడిపేశారు. ఆయన దగ్గర చదువుకున్న చిన్న డాక్టరమ్మ దాన్ని పూర్తిచేసి ఒక వైద్య పత్రికకి పంపింది. వాళ్ళు లోపలి పేజీలు తిప్పకుండానే వెనక్కి పంపారు. రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు, సరిచేసి పంపండి అన్నారు.

ఆ ఆదివారం చిన్న డాక్టరమ్మ వచ్చి తల పట్టుకుని కూచుంది. "వార్డులో ఊపిరి సలపట్లేదమ్మా. సార్ పోగేసినవన్నీ అట్టపెట్టెల్లో జిరాక్సులు. ఒక్కోటీ చూసి ఎక్కించాలి."

"ఇంతకీ రిఫరెన్సులంటే ఏమిటి తల్లీ?"

"మనం రాసిన మాటకి, ఇది ఫలానావాళ్ళు ఫలానా చోట చెప్పారని చూపించడం. వాక్యం పక్కన నంబరు వేస్తాం, వ్యాసం చివర ఆ నంబరుకి వివరం ఇస్తాం."

"సాక్షులన్నమాట."

"అంతే. కాకపోతే ఈ సాక్షులు నిలబడే తీరుకి బోలెడు రూల్సు."

రూల్సంటే విజిల్ టీచరుకి బెదురు లేదు, ఆ పని తనే తీసుకుంది. ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు తర్వాత, వాటి మధ్య చుక్క పెట్టకూడదు. రాసినవాళ్ళు ఆరుగురు దాటితే ఆరు పేర్లు వేసి 'తదితరులు' అనాలి. పత్రిక పేరు కుదించాలి, అదీ మన ఇష్టమొచ్చినట్టు కాదు. వ్యాసంలో ముందు కనిపించినవాడిది ముందు నంబరు. మధ్యలో ఒకడు కొత్తగా దూరాడా, వెనకున్నవాళ్ళంతా ఒక్కో అడుగు జరగాలి. "వీళ్ళకన్నా ఆరో తరగతి పిల్లలు నయం, అరిస్తే జరిగేవాళ్ళు," అని గొణుక్కుంటూ ఒంటివేలితో టైపు చేసేది.

పెట్టెలు భోజనాల బల్ల మీద బోర్లించి, ఆయన్ని ఎదురుగా కూచోబెట్టేది. ఆయనకి చదవడం పోయింది గానీ, మూలనున్న కాఫీ మరకనో, తను కొట్టిన ఎర్రగీతనో చూసి కాగితాన్ని గుర్తుపట్టేవారు. "ఇదేనా ఏమండీ?" "అదే." కాకపోతే తల అడ్డంగా ఊపేవారు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఆస్పత్రికీ ఆవిడ మైదానానికీ పరుగెత్తడమే సరిపోయింది. ఇంతసేపు ఎదురెదురుగా కూచున్నది ఇప్పుడే. మాటలున్నన్నాళ్ళూ కూచోలేదే అనుకుంటూ ఆవిడ ఇంకో కాగితం ఆయన ముందుకి జరిపేది.

అన్నీ కుదిరాయి, ఒక్క వాక్యం తప్ప. 'వినపడని పిల్లని పెద్దవాళ్ళు మొండిపిల్ల అనుకుని శిక్షిస్తారు.' దాని పక్కన బ్రాకెట్లో నంబరు లేదు. పెట్టెలన్నీ మళ్ళీ కుమ్మరించారు. ఏ కాగితం చూపించినా ఆయన తల అడ్డంగానే ఊపారు.

"తీసేద్దాం అమ్మా. ఆధారం లేకుండా ఒప్పుకోరు," అంది చిన్న డాక్టరమ్మ.

ఆయన బల్ల మీద గుద్దారు. "అదే! అదే!" అంటూ భార్యకేసి వేలు చూపించారు. ఆవిడ నీళ్ళిచ్చింది, తోసేశారు. మందుబిళ్ళ తెచ్చింది, వద్దన్నారు. ఆఖరికి బాగున్న చెయ్యెత్తి రెండు వేళ్ళు పెదాలకి ఆనించుకుని ఊదారు. చచ్చుబడ్డ బుగ్గవైపు నుంచి చొంగ కారింది తప్ప చప్పుడు రాలేదు.

విజిల్ టీచర్ చేతిలోని మందుబిళ్ళ బల్ల మీద పెట్టేసింది.

"నేనే తల్లీ," అంది. "ఆ ఆధారం నేనే."

ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాలుగో తరగతి పిల్ల ఒకత్తె జ్వరం తగ్గి బడికొచ్చింది. విజిల్ ఊదితే అందరూ పరుగెత్తేవారు, అది నిలబడి చూసేది. తలపొగరనుకుని ఆవిడ దాన్ని ఎండలో నిలబెట్టింది. ఒకరోజు కాదు, మాట వినేదాకా అని రోజూ. చివరికి వాళ్ళమ్మ వచ్చి, "దానికి వినపడట్లేదండీ, మాకూ ఇప్పుడే తెలిసింది," అని చెప్పింది. ఆ సాయంత్రం ఆవిడ మొగుడి దగ్గర భోరుమంది. ఆయన ఓదార్చలేదు. "ఏం జ్వరం?" అని మాత్రం అడిగారు. ఆ మాట ముల్లులా ఇన్నేళ్ళూ ఆవిడ మనసులో ఉండిపోయింది.

"ఆ పిల్ల గురించేనా ఇదంతా?" అని అడిగింది. ఆయన తల ఊపారు. కళ్ళమ్మట నీళ్ళు.

చిన్న డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "దీనికీ పద్ధతి ఉందమ్మా. మనిషి నోటితో చెప్పినదాన్ని చివర చేర్చరు. వాక్యం పక్కనే బ్రాకెట్లో మీ పేరు, ఏ సంవత్సరం చెప్పారో వేసి, స్వయంగా చెప్పిన మాట అంటారు. మీరు ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. ఇష్టం లేకపోతే వద్దు."

"వెయ్యి. దాచుకుని ఏం చేసుకుంటాను?"

జవాబు ఎండాకాలం చివర్లో వచ్చింది. రిఫరెన్సుల్లో వంక పెట్టడానికేమీ లేదట. విషయంలో మాత్రం కొత్తదనం లేదు, ఇది అందరికీ తెలిసిందే, వేసుకోలేం అన్నారు. చిన్న డాక్టరమ్మ మండిపడింది. విజిల్ టీచర్ ఒక్క ముక్క దాచకుండా ఆయనకి చదివి వినిపించింది. చదివాక ఆవిడ గొంతు దిగిపోయింది.

"అందరికీ తెలిసిందేనట. ఆ పిల్ల ఎండలో నిలబడ్డప్పుడు కూడా ఎవరికో తెలిసే ఉంటుంది కద తల్లీ. మా బడిదాకా ఎందుకు రాలేదు?"

చిన్న డాక్టరమ్మ ఆ కాగితం తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ రోజు నుంచి డాక్టరు బల్ల దగ్గరికి రాలేదు. గోడవైపు తిరిగి పడుకునేవారు. ఉన్న ఒక్క మాటా తగ్గిపోయింది. వానలు మొదలయ్యాక రెండోసారి వచ్చింది పక్షవాతం, ఈసారి మనిషిని తీసుకుపోయింది.

తర్వాత చిన్న డాక్టరమ్మ ఇంకో చిన్న పత్రిక చూసింది. అక్కడ నంబర్లుండవు, సాక్షులంతా అక్షరక్రమంలో నిలబడాలి. విజిల్ టీచర్ మొదటినుంచీ మళ్ళీ చేసింది, ఒక్కతే. మొదటి పేజీలో రచయితల పేర్ల దగ్గరికొచ్చేసరికి చిన్న డాక్టరమ్మ తటపటాయించింది.

"పోయినవాళ్ళ పేరు పక్కన ఒక గుర్తు పెట్టాలమ్మా. అది నేను పెడతాలెండి."

"వద్దులే, జరుగు," అని ఆవిడే పెట్టింది. గుర్తుకీ పేరుకీ మధ్య ఖాళీ పడితే, దాన్ని చెరిపి దగ్గరికి చేర్చింది.

ఆ పత్రిక వ్యాసాన్ని వేసింది. స్వయంగా చెప్పిన మాటలు మేం వెయ్యం అంటూ ఆ ఒక్క వాక్యాన్నీ, బ్రాకెట్‌తో సహా తీసేసింది. చిన్న డాక్టరమ్మ ఫోన్ చేసి తనే తప్పు చేసినట్టు చెప్పింది.

"పోనీలే తల్లీ, పని అయింది కదా," అంది ఆవిడ.

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించబోయి ఆగిపోయింది. ఆ పిల్ల పేరు గుర్తుచేసుకోవాలని చూసింది. మొహం తెలుస్తోంది, రెండు జడలు, ఎండకి చిట్లించిన కళ్ళు కూడా తెలుస్తున్నాయి. పేరు మాత్రం ఎంతకీ రాలేదు.