పెట్టె నిండేదాకా

పోయిన వారం, నేను ఉద్యోగం చేసిన పరిశోధనశాల నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, పాత ఫ్రీజర్ మూలుగుతోందనీ, అందులో నా చేతిరాతతో ఉన్న రక్తపు గొట్టాలు పారేయవచ్చా అనీ మర్యాదగా అడిగింది. రిటైరైన వాణ్ణి గనక, మూలుగుతున్నది ఫ్రీజరేనని నిర్ధారించుకొని, రెండు రోజులు గడువు అడిగాను.

మన వయసు వాళ్ళకు గుర్తుంటుంది, అప్పట్లో కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషి ఊళ్ళో దిగితే చూడడానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. ఆ సంబరం సద్దుమణిగాక నా పని మొదలయ్యేది. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసిపుచ్చకుండా వేసే మాత్రలు ఒంటి కాపలాను కూడా జోకొడతాయి. అదను చూసి, చిన్నప్పుడెప్పుడో సోకి లోపలే పడుకున్న ఒక వైరస్ లేస్తుంది. కొందరిలో మెడ దగ్గరో చంకలోనో గడ్డై, క్యాన్సరుగా తేలుతుంది. ఎవరిలో లేవబోతోందో ముందే పట్టుకోవాలని మా ఆరాటం. అందుకని ఆరు నెలలకోసారి మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరులో దిగి, మళ్ళీ ఎక్కి కుప్పం దాకా, ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకొని రక్తం సేకరిస్తూ పోయేవాణ్ణి. కండక్టర్లు చేపలనుకొని నన్ను వెనక సీటుకు పంపేవారు. నేను సరిదిద్దేవాణ్ణి కాను. నిజం చెబితే బస్సులోంచే దింపేస్తారు.

పుంగనూరు దగ్గర గొర్రెలు మేపుకునే ఒకాయన మా జాబితాలో నాలుగో నంబరు. కిడ్నీ ఇచ్చింది రామకుప్పంలో ఉండే వాళ్ళ అక్క. ఏనుగులు రాగిచేను తొక్కేసిన ఏడాది కూడా ఆమె సంగటి మూట కట్టుకొని వచ్చింది. తన కిడ్నీకి తమ్ముడు సరిగ్గా నీళ్ళు పోస్తున్నాడో లేదో చూసుకోవాలట.

ఒక ఎండాకాలం ఆయన మెడకు కండువా బిగించుకొని ఎదురొచ్చాడు.

"ఏమప్పా, ఎలచ్చన్లలో నిలబడతాండావా?" అన్నాను.

"నిలబడితే నీ ఓటు నాకే ఎయ్యాల సార్."

"వీనికి గొర్రెలు గూడా ఓటెయ్యవు," అంది అక్క.

ముగ్గురం నవ్వుకున్నాం. జోకు పండిందన్న తృప్తితో రక్తం తీసుకొని బస్సెక్కాను. కండువా తియ్యమనలేదు.

ఆ రక్తం నేరుగా ఫ్రీజర్లోకి పోయింది. మా పద్ధతి అది: అందులోని గొట్టాల పెట్టె నిండేదాకా ఆగి, అన్ని గొట్టాలనూ ఒక్కసారే పరీక్షించేవాళ్ళం. నిండేసరికి వానలు వెనకబట్టాయి. నాలుగో నంబరు ఎదురుగా వచ్చిన వైరస్ అంకె చూసి, యంత్రం తప్పిందేమోనని మళ్ళీ చేశాను. తప్పలేదు. మర్నాడే పరుగెత్తాను గానీ, అప్పటికి గడ్డ కండువాకు అందనంతగా పెరిగింది.

ఎందుకు దాచావని అడిగితే ఆయన గొర్రెల వైపు చూస్తూ చెప్పాడు. "గెడ్డొస్తే మాత్రలు తగ్గిస్తామంటివి గదా సార్. తగ్గిస్తే కిడ్నీ పోయినా పోతాదంటివి. అక్కిచ్చింది ఎట్ల పోగొట్టుకునేది?"

చెప్పింది నేనే. మొదటి రోజే, అన్నీ విడమరిచి చెప్పే మనిషినని అనిపించుకోవడానికి.

మాత్రలు తగ్గించారు. ఆలస్యమైపోయింది. కిడ్నీ మాత్రం చివరిదాకా చక్కగా పనిచేసింది.

దినాలయ్యాక రామకుప్పం వెళ్ళాను. అక్క చెంబుతో నీళ్ళిచ్చి, ఒక్కటే అడిగింది. "ఎండాకాలంలో ఎత్తుకపోతివే రగతం, అది సెప్పలేదా సార్?"

చెంబు ఖాళీ చేసి, బస్సు వేళయిందని లేచాను.

ఇప్పుడు ఫలితం రోజుల్లోనే ఫోన్లోకి వస్తోందట. మంచిదే. ఐసుపెట్టెతో ఎవరూ పుంగనూరులో దిగనక్కర్లేదు, గొర్రెల మధ్య నిలబడి ఎవరితోనూ నవ్వనక్కర్లేదు. ఈ పొద్దున ఆ అమ్మాయికి పారేయమని చెప్పాను. ఇన్నేళ్ళయినా ఒక్క గొట్టమూ చెడలేదు సార్ అని మెచ్చుకుంది. నాకూ తెలుసు. అక్క అడిగినదానికి జవాబు ఆ ఎండాకాలమంతా అందులోనే ఉంది, చెడిపోకుండా.