చేతులు కడుక్కు రమ్మన్న తాళం

ఆ రోజు నేను ఒక ఆడపిల్లను చేతులు కడుక్కుని రమ్మన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. అదీ హాస్టలంతా చూస్తుండగా. తప్పు చేసింది నేను, కుళాయి దగ్గరికి తిరిగింది ఆమె.

మార్కాపురంలో నాకు ఇన్వర్టర్లు, సీసీ కెమెరాలు బిగించే దుకాణం ఉంది. ఆడపిల్లల హాస్టలు నడిపే ఒకాయన, తన వాచ్‌మన్ పట్టపగలే కునుకు తీస్తున్నాడని, నిద్రపోని తాళం చేసిపెట్టమన్నాడు. మూడు నెలలు కూర్చుని చేశాను. వేలు ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది, మనిషి లోపలికి పోగానే తాళం తనంతట తానే పడుతుంది. ముద్ర కలవకపోతే ఒక ఆడగొంతు 'ట్రై అగైన్' అంటుంది. తెలుగులోనే పెట్టవచ్చు. కానీ ఇంగ్లీషు మాట్లాడితే తాళం కాస్త చదువుకున్నదానిలా ఉంటుందని నా ఆలోచన. పిల్లలు వారం తిరక్కుండానే దానికి 'అత్త' అని పేరు పెట్టారు.

ఇంటర్ పరీక్షల మొదటి రోజు పొద్దున ఆ తాళం చూపించడానికి గిద్దలూరు నుంచి ఇంకో హాస్టలాయన్ను పిలిపించాను. నేను చేతులూపుతూ వివరిస్తున్నాను. అప్పుడే ఆ అమ్మాయి త్రిపురాంతకం బస్సు దిగి ఉరుక్కుంటూ వచ్చింది. చదువుకోవడానికిచ్చిన సెలవులకు ఇంటికి పోయి వస్తోంది. హాల్‌టికెట్ లోపల పెట్టెలో ఉంది. తొమ్మిదికి పరీక్ష. నిమిషం దాటినా పరీక్ష సెంటరు గేటు వేసేస్తారు.

వేలు పెట్టింది. 'ట్రై అగైన్.'

"చేతులు కడుక్కుని రామ్మా" అన్నాను.

కడుక్కుని వచ్చింది. 'ట్రై అగైన్.' మళ్లీ పంపాను. మూడోసారి సబ్బుతో కడుక్కోమని, గిద్దలూరాయన వైపు చూసి నవ్వాను కూడా. అంతలో కరెంటు పోయింది. తలుపు తెరుచుకోవడానికి దేవుడే ఒక అవకాశం ఇచ్చినట్లయింది. తాళానికి నేను తగిలించిన బ్యాటరీ దాన్నీ కాదంది.

పక్కనున్న స్నేహితురాలు తన వేలు పెట్టబోయింది. "నువ్వు పెడితే నా తాళమెందుకు? ఇంక సెక్యూరిటీ ఏముంది?" అని అడ్డం నిలబడ్డాను. గిద్దలూరాయన మెచ్చుకోలుగా తలూపాడు. ఆ తల ఊపు కోసం ఒక పిల్ల పరీక్షను పణం పెట్టానని అప్పటికి నాకు తోచలేదు.

"సార్, ఎనిమిదీ నలభై అయింది సార్" అంది ఆ అమ్మాయి. ఏడవలేదు. చేయి తిప్పి చూపించింది. "రెండు వారాలు అమ్మతో పలకల ఫ్యాక్టరీలో రాతి పలకలు రుద్దినా. మీ తాళం కన్నా మా రేషన్ డీలరే నయం. రెండోసారికే వేలు చాలనుకుని కంటిపాప మిషన్లో చూస్తాడు."

వేళ్ల కొసలు గీతలరిగి పలకలంత నున్నగా ఉన్నాయి. అలాంటి వేళ్లు నేను ఎరుగనివి కావు. మా నాయన నలభై ఏళ్లు పలకల పని చేశాడు. రేషన్ షాపులో ఆయన ముద్ర పడక, వేలు తలకు రుద్దుకుని రమ్మన్నందుకు డీలరు మీద చేయి చేసుకోబోయినవాణ్ని నేను. ఆ నాయన పెట్టిన ముద్ద తిని, ఈ పలకల ఊరికి ఈ తాళం చేశాను.

వంట చేసే పెద్దమ్మ గరిటె పట్టుకుని పక్క సందులోంచి వచ్చింది. "ఏంది నాయనా ఈ గోల? వంటింటి తలుపు తీసే ఉండాది గదా, పిల్లలు ఆ దోవన రాగూడదని రూలు పెట్టినారు గానీ! పాలాయన వచ్చినాడు, గ్యాసు బండాయన వచ్చినాడు, పిల్లి గూడా వచ్చి పాయె. పిల్ల ఒక్కతే ఈడ నిలబడె!"

హాస్టలంతా నవ్వింది. ముందు తలుపు చుట్టూ మూడు నెలలు తిరిగినవాణ్ని, ఆ ఇంటికి వెనక తలుపు ఉందేమోనని ఒక్కసారీ చూడలేదు.

ఆ అమ్మాయి వంటింట్లోంచి దూరి హాల్‌టికెట్ తెచ్చుకుంది. నా బండెక్కమన్నాను. ఎక్కి కూర్చుంది. మేము పోయేసరికి గేటు సగం మూశారు. ఆ సగంలోంచే లోపలికి దూరింది.

పరీక్ష అయ్యేదాకా ఆ గేటు బయటే ఎండలో నిలబడ్డాను. బయటికి వచ్చాక, "తప్పు నాదమ్మా" అన్నాను. "ఈడ కాదు సార్, ఆడ చెప్పండి" అని నడిచి వెళ్లిపోయింది.

గిద్దలూరాయనకు ఫోను చేసి, ఈ తాళం మన వేళ్లకు పనికిరాదు, కొనవద్దని చెప్పాను. రెండు రోజుల్లో వేలిముద్ర పలక పీకేసి అంకెల మీటలు బిగించాను. మా నాయనను తీసుకుపోయి ముందు ఆయనతోనే నొక్కించాను. వెనక తలుపుకు ఏం కావాలో పెద్దమ్మనే అడిగి, ఆమె చెప్పినట్లే లోపల గొళ్లెం పెట్టించాను. అప్పుడు అదే ముందు తలుపు దగ్గర, అందరి ముందూ ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ఆమె విన్నది. పోనీలెండి అనలేదు.

"అన్నం తిని పోదువుగానీ నాయనా" అంది పెద్దమ్మ.

"చేతులు కడుక్కుని రాండి సార్" అంది ఆ అమ్మాయి.

వెళ్లి కడుక్కున్నాను. సబ్బుతో.