వంత పాడే పిల్ల

బహ్రెయిన్‌లోని బుసైతీన్‌లో నేను వంటపని చేసే ఇంటి వెనక పెళ్లివాళ్లు డప్పుల్ని నిప్పుల మీద కాస్తున్నారు. వేడెక్కిన తోలు వాసన కిటికీలోంచి వచ్చి నా చేత కత్తి కింద పెట్టించింది.

మాది విజయనగరం పల్లెల్లో జముకుల కథ చెప్పే కుటుంబం. నాన్న తోలు బిగించిన జముకు వాయిస్తూ కథ చెబితే అమ్మా అక్కా నేనూ వంత. ఎండాకాలమంతా అమ్మవారి జాతరలకి ఊరూరూ తిరిగేవాళ్లం. అరికాళ్లు కాలే ఎర్రమట్టి దారులు, ఎవరో చేతిలో పెట్టిన ముంజలు, పళ్లకి అంటుకునే బెల్లం జీళ్లు, ఏ అరుగు దొరికితే ఆ అరుగు మీద అక్కతో గచ్చకాయలాట. నాకు మాత్రం నిలకడ లేదు. నాన్న చరణం ముగించకుండానే అందుకునేదాన్ని. "తొందరేటే గుంటా? నా మాట కిందకి దిగనీ" అని కసిరేవాడు.

కథకుడు మాట మరిచిపోతే వంతవాళ్లు ఆఖరి చరణాన్నే పట్టుకుని, ఆయనకి గుర్తొచ్చేదాకా తిప్పితిప్పి పాడాలి; జనానికి తెలియనివ్వకూడదు. నా పదేళ్లప్పుడు ఒక జాతరలో నాన్న అలా ఆగిపోయాడు. అమ్మా అక్కా చరణం తిప్పుతున్నారు. మూడోసారికి నాకు ఓపిక చచ్చి, ముందుకొచ్చి తర్వాతి చరణం గొంతెత్తి పాడేశాను. జనం ఈలలేశారు. "ఇకనించీ ఈ గుంట చేతే పాడించండి!" అని అరిచారు. నేను పొంగిపోయాను, నాన్న ముఖం వైపు చూడనైనా లేదు.

మరుసటి జాతరకి ఆయన వెనక్కి జరిగి జముకు పట్టుకున్నాడు, నేను ముందు నిలబడ్డాను. మా ఇంటి ఆనవాయితీలో కథ చివరి భాగం వంత లేకుండా, గుడి లోపల తలుపులు మూసుకుని అమ్మవారి ఎదుట కథకుడొక్కడే పాడతాడు. తన తర్వాత నిలబడేవాళ్లని దగ్గర కూర్చోబెట్టుకుని అది నేర్పుతాడు. అదొక్కటీ నాన్నే పాడుతూ వచ్చాడు. ఆయన పిలుస్తాడని నేను చూశాను, నేను అడుగుతానని ఆయన చూశాడేమో. దేనికీ ఆగలేనిదాన్ని, దీనికి ఎందుకాగానో! పెళ్లయింది, బహ్రెయిన్ వచ్చాను, ఆయన పోయాడు.

ఇప్పుడు మా మేళం లేదు. అక్క పాడటం మానేసింది. శుక్రవారం సెలవుకి మా వైపు ఆడవాళ్లం ఒకచోట చేరితే నన్ను పాడమంటారు. వచ్చినంతా పాడి ఆగిపోతాను.

"తర్వాతేటయిందక్కా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

నాకు తెలీదమ్మా అంటాను. అడగాల్సిన రోజుల్లో అడగలేదని చెప్పడానికి మాత్రం నోరు రాదు.