మంచె మీద పడ్డ నింద

2022 వానాకాలం. ఖమ్మం బజారులో మా అబ్బా తాళాల దుకాణం మీది గదే నా ఆఫీసు. కింద తాళంచెవులు అరగదీసే చప్పుడు, పైన నా కీబోర్డు చప్పుడు. మూడు తరాలుగా మాది తాళాల పనే. ఇంజనీరింగ్ చదివాక నేను ఎంచుకున్నదీ ఒక రకంగా కాపలా పనే కాబట్టి, నేను తయారుచేసిన టూల్‌కు 'తాళం' అనే పేరు పెట్టాను.

ఈ పని గురించి తెలియనివాళ్లకు కొంత చెప్పాలి. కొన్ని ఆన్‌లైన్ ఆటలను ఎవరైనా సొంతంగా నడుపుకోవచ్చు. ఒక కంప్యూటర్‌ను కిరాయికి తీసుకుని, అందులో ఆట పెట్టి, నలుగురినీ పిలిస్తే అది సర్వర్ అవుతుంది. జనం పెరిగేకొద్దీ జాతరకు ఉండే బాధలన్నీ దానికీ వస్తాయి. మోసం చేసేవాడు ఒకడు, బూతులు తిట్టేవాడు ఒకడు, పక్కవాడు కట్టుకున్న ఇల్లు కూలగొట్టేవాడు ఇంకొకడు. వాళ్లను పట్టుకోవడానికి, ఎవరి చేతిలో ఎంత అధికారం ఉండాలో చూడడానికి ఆటకు అతికించే చిన్న ప్రోగ్రామ్‌ను ప్లగిన్ అంటాం. నేను చేసేవి అవే. బాగా చేస్తానని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

నాకన్నా బాగా చేస్తానని అనుకునేవాళ్లు ఇంకొకరు ఉండేవారు. ఆ ప్లగిన్ పేరు 'మంచె'. తయారుచేసినవారి అసలు పేరు మా గ్రూపుల్లో ఎవరికీ తెలియదు. 'మోదుగ' అనే మారుపేరుతో రాసేవారు. నేను ఒక కొత్త సదుపాయం పెడితే, వారం తిరగకముందే మంచెలో అంతకన్నా మెరుగైనది ప్రత్యక్షమయ్యేది. "మంచె ఎక్కి చూస్తే ఎవరింటికి తాళం లేదో కనబడతది" అని మోదుగ రాస్తే, "మంచెకు తలుపే ఉండదు, ఎవడైనా ఎక్కొచ్చు" అని నేను రాసేదాన్ని. ఇద్దరి వెనకా అభిమానులు చేరి మాకన్నా ఎక్కువగా తిట్టుకునేవాళ్లు.

మంచె కోడ్ అందరికీ కనబడేలా ఉండేది. నేను దాన్ని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివేదాన్ని. పోటీలో ఉన్నప్పుడు అవతలివాళ్ల పనిని ప్రేమించినంత శ్రద్ధగా చదవాలి. అందులో ఒక్క విషయం మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. ఆటలో ఎవరు ఒక్క ఇటుక పెట్టినా, తీసినా, మంచె దాన్ని విడిగా రాసి దాచుకునేది. ఇంటర్నెట్ తెగిపోతే మళ్లీ కలిసేదాకా ఆ రాతను భద్రంగా ఉంచేది. ఇంత జాగ్రత్త ఎవరికి కావాలి అనుకునేదాన్ని.

ఆ ఏడు తెలుగువాళ్ల సర్వర్లన్నీ కలిసి పెద్ద పోటీ ఒకటి పెట్టాలనుకున్నాయి. తాళం వాడాలా, మంచె వాడాలా అన్నది తేల్చాల్సింది చైతన్య గారు. ఆయన సత్తుపల్లిలో లెక్చరర్. 'ఏరుగట్టు' అనే సర్వర్ నడిపేవారు. అందులో పిల్లలూ పెద్దలూ కలిసి రెండేళ్లపాటు ఒక ఊరు కట్టారు. ఇళ్లు, పడవల రేవు, మిర్చి యార్డు, బడి అన్నీ ఉండేవి. ఆయన అప్పటికి మంచె వాడుతున్నారు.

ఒకరోజు ఉదయం ఏరుగట్టు తెరిచినవాళ్లకు బూడిద కనబడింది. అడ్మిన్, అంటే సర్వర్ యజమానికి ఉండే అధికారాన్ని ఎవరో దొంగిలించి ఊరంతా తగలబెట్టారు. చైతన్య గారు నాకు ఫోన్ చేశారు.

"షాహీన్ గారూ, అంతా పోయిందండీ. నా దగ్గరున్న కాపీ ఏడాది పాతది. మంచెలోనే దొంగదారి ఉందంటున్నారు అందరూ. మోదుగని అడిగితే ఉలుకూ పలుకూ లేదు. మీరొకసారి చూసి చెప్పండి, మిగతా సర్వర్ల వాళ్లని కూడా మంచెని తీసేయమని చెప్పేస్తాను."

"నేను చెప్తే ఎట్ల నమ్ముతరు సార్? నేను వాళ్ల పోటీదారుని."

"అందుకేనండీ అడిగేది. మంచెలో తప్పులు మీరు వెతికినంతగా ఎవరూ వెతకలేదు."

నేను 'అవును, దొంగదారి ఉంది' అని ఒక్క మాట రాస్తే మా ఇద్దరి పోటీ అక్కడితో ముగిసిపోయేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ చూడకుండా చెప్పడం నాకు చేతకాదు.

ప్రతి ఫైల్‌కు వేలిముద్ర లాంటి ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని హ్యాష్ అంటాం. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. ఏరుగట్టులో ఉన్న మంచె హ్యాష్‌ను, మోదుగ సొంత పేజీలో ఉన్న మంచె హ్యాష్‌తో పోల్చాను. కలవలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, చివర్లో కొన్ని లైన్లు అదనంగా ఉన్నాయి. ఒక రహస్యపు మాట టైప్ చేసినవాడికి అడ్మిన్ అధికారం ఇచ్చే లైన్లు అవి. మోదుగ రాసినవి కావని చదవగానే తెలిసింది. మోదుగ తన కోడ్‌లో అక్కడక్కడా తనకోసమే తెలుగులో రాసుకునేవారు: "ఈడ చెయ్యి పెట్టకు, కూలుతది." "గిది మల్ల చూడాలె." ఈ లైన్లలో ఆ చెయ్యి లేదు.

"సార్, ఈ ఫైల్ మీకు ఎక్కడిది?"

"మోదుగే గ్రూపులో లింక్ పెట్టారు కదండీ, కొత్త వెర్షన్ అని."

ఆ లింక్ పెట్టిన ఖాతా పేరులో ఒక అక్షరం తేడా ఉంది. ఎవరో మోదుగ వేషం వేసుకుని నకిలీ మంచెను అంటగట్టారు. ఇక ఎవరన్నదే మిగిలింది. ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి లోపలికి వచ్చారో రాసి ఉంచే దాన్ని లాగ్ అంటాం. ఏరుగట్టు లాగ్ తెరిచి, ఊరు తగలబెట్టినవాడి ఇంటర్నెట్ చిరునామా చూశాను. చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఆ చిరునామా నా సొంత సర్వర్ లాగ్‌లో ఎన్నోసార్లు చూసిందే. అది రవిది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, తాళం కొత్త వెర్షన్లను ఇష్టంగా పరీక్షించి పెట్టేవాడు. మా గుంపులో అందరికన్నా నమ్మకస్తుడు.

ఫోన్ చేశాను. అతను దాచలేదు.

"నీ కోసమే చేసిన అక్కా. ఆ మంచెగాళ్లు మనల్ని ఎంత ఎక్కిరించిన్రో చూసినవు కదా."

"ఊరు కట్టిన పిల్లలు ఏం చేసిన్రు రవీ?"

"పోటీ మనకు వస్తే మల్ల కట్టుకుంటరు. నువ్వు చూసీచూడనట్టు ఉండు, చాలు."

"నా గెలుపు నేను తెచ్చుకుంట. గిట్ల తెచ్చింది నాకు వద్దు."

దుకాణంలోకి దిగి అబ్బాకు చెప్పాను. ఆయన చేతిలోని ఆకురాయి పక్కన పెట్టి విన్నారు. "మన ముద్ర నకిలీది కొట్టి ఎవడో పాడు తాళాలు అమ్మినప్పుడు నేను ఊరంతా తిరిగి చెప్పుకున్న బేటా, అవి నావి కావని. ఆ మోదుగ అనేటోళ్ల తరఫున తిరిగేందుకు ఎవరున్నరు?" అన్నారు.

ఆ మధ్యాహ్నమే అన్ని గ్రూపుల్లోనూ రాశాను. మంచెలో ఏ తప్పూ లేదని, నకిలీ ఫైల్ ఎలా వచ్చిందో, చేసినవాడు తాళం గుంపులోని మనిషేనని, అతన్ని తీసేశానని ఆధారాలతో సహా పెట్టాను. సొంతవాణ్ణి పట్టించావని మా అభిమానులే నన్ను తిట్టిపోశారు. నా తాళాన్ని వాడడం మానేసిన సర్వర్లు కూడా ఉన్నాయి. తిట్లు చదివాను కానీ, రాసింది ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఇంకా ఊరు మిగిలింది. నకిలీ ఫైల్‌లో ఆ దొంగ లైన్లు తప్ప మిగతాదంతా అసలైన మంచె కోడే. అంటే ఇటుక ఇటుకా రాసిపెట్టిన రాతలు సర్వర్‌లో అలాగే ఉన్నాయి. ఏడాది పాత కాపీ మీద వాటిని వరసగా నడిపిస్తే ఊరు తిరిగి రావాలి. విడిగా ఒక నకలు పెట్టుకుని ప్రయత్నించాను. ఇళ్లు గాల్లో తేలాయి, ఏరు కొండెక్కింది. ఇది చేసినవాళ్లకే తెలియాలి.

"మోదుగకి పోయినేడు బహుమతి పార్సిల్ పంపామండీ, అడ్రస్ ఉండాలి" అన్నారు చైతన్య గారు. వెతికి చదివారు: "తెల్లం సుజాత, జిరాక్స్ షాపు, చర్ల."

నేను ఇన్నాళ్లూ మగవాడనీ, ఏ పెద్ద నగరంలోనో ఉంటాడనీ అనుకుని పోట్లాడిన మనిషి ఒక అమ్మాయి. అదీ మా భద్రాచలం అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గర. చర్ల అనగానే ఆమె మౌనం కూడా అర్థమైంది. గోదావరికి వరద వచ్చిన రోజులవి. అటువైపు ఫోన్లు పనిచేయడం లేదని బజారులో అందరూ అనుకుంటున్నారు.

దారి తెరుచుకోగానే బస్సెక్కాను. భద్రాచలంలో మారి, గుంతల రోడ్డు మీద చర్ల చేరాను. జిరాక్స్ షాపులో నాకన్నా చిన్నది, ఒక సన్నటి అమ్మాయి, తడిసిన కాగితాలను ఆరబెడుతోంది.

"మోదుగ నువ్వేనా?" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "మీరెవరు?"

"తాళం."

కాసేపు నన్ను పైనుంచి కిందికి చూసింది. "గెలిసినవా అక్కా? చెప్పి పోదామని వచ్చినవా?"

ఆమెకు ఏమీ తెలియదు. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, అందులో దాచి తెచ్చినదంతా చూపించాను. ఆమె మీద అందరూ రాసిన మాటలన్నీ చదివింది. తర్వాత నేను రాసింది రెండుసార్లు చదివింది.

"గిది నువ్వు రాయకుంటే నాకు ఈ పని లేకుండ పోతుండె. మరెందుకు రాసినవ్?"

"నిజం కాబట్టి. ఇంకోటి, నీ కోడ్ నాకు తెలుసు కాబట్టి. నువ్వు గంత చెత్తగ రాయవు."

సుజాత నవ్వింది. ఆ ఇటుకల రాత ఎందుకు పెట్టావని అప్పుడు అడిగాను.

"మా ఊరు ఇంకా లోపల అక్కా. మబ్బు పడితే సిగ్నల్ పోతది. కట్టిన ఇల్లు ప్రతిసారి పోతుంటే ఏడుపొచ్చేది. గందుకే రాసుకున్న. మా నాయన పంటకు పందులు పడకుండ మంచె మీద కూసుంటడు కదా, పేరు అట్ల పెట్టిన."

చర్లలో ఇంటర్నెట్ లేదు. ఇద్దరం తిరుగు బస్సులో భద్రాచలం వచ్చి, ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాం. నేను ఎక్కడ తప్పానో సుజాత చూడగానే పట్టేసింది: రాతలను సర్వర్‌కు చేరిన వరసలో నడిపాను, నడపాల్సింది ఇటుకలు పెట్టిన వరసలో. సిగ్నల్ పోయి ఆలస్యంగా చేరినవన్నీ నా చేతిలో తారుమారయ్యాయి. ఆమె సరిచేస్తుంటే, తగలబెట్టిన రాతలు మళ్లీ నడవకుండా నేను ఏరి పక్కన పెట్టాను. ముందు రేవు లేచింది. తర్వాత బడి, ఇళ్లు, మిర్చి యార్డు. ఫోన్లో చైతన్య గారు "వచ్చిందండీ, మా పిల్లల బడి వచ్చేసింది!" అని, క్లాసులో ఉన్న సంగతి మరిచిపోయి కేకలు పెట్టారు. సుజాత దుపట్టాతో కళ్లు తుడుచుకుని, మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది.

ఆ ఏడు పోటీకి మంచెనే ఎంచుకున్నారు. అది సరైన ఎంపికే. ఆ మరుసటి ఏడు తాళాన్ని ఎంచుకున్నారు. అదీ సరైనదే. కలిసి ఒకే టూల్ చేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. మేమిద్దరం ఒప్పుకోలేదు. ఎదురుగా ఆమె లేకపోతే నా పని ఇంత పదునుగా ఉండదు.

ఒక్క కట్టుబాటు మాత్రం పెట్టుకున్నాం. నా కొత్త వెర్షన్ హ్యాష్ ఆమె పేజీలో, ఆమెది నా పేజీలో ఉంటాయి. అవతలివాళ్లు మొత్తం చదివి తమ పేజీలో పెట్టేదాకా ఏదీ బయటికి పోదు. ఎవరైనా నకిలీ తెస్తే ముందు పట్టుకునేది పోటీదారే. మెచ్చుకునేవాళ్లు పైపైన చూసి బాగుందంటారు. మన పనిని అడుగుదాకా చదివేది మనల్ని ఓడించాలనుకునే మనిషే. ఆ మనిషి నిజాయితీపరురాలైతే అంతకన్నా పెద్ద ధీమా ఈ వృత్తిలో లేదని ఆ వానాకాలం నేర్పింది.

నిన్న కొత్త తాళం పంపాను. పొద్దున సుజాత నుంచి జవాబు వచ్చింది: "మస్తుగుంది అక్కా. గని ఆడేటోడు పేరు మార్చుకుంటే పాత బ్యాన్ ఎగిరిపోతది, ఎల్లగొట్టినోడు మల్ల లోపలికి వస్తడు. అది సరిచేసేదాక నా పేజీల పెట్ట."

సరిచేస్తున్నాను.